కరజాలే నాటకాల్లో ఎవరి గుట్టూ ఎందుకు రట్టు కాదు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: “రొమేనియా రచయిత యోన్ లూకా కరజాలే నాటకాలు, కథలు ఇంగ్లిష్ అనువాదంలో చదివాను. నవ్వొచ్చింది. కానీ చివర్లో ఏ దొంగా దొరకడు, ఎవరి బండారమూ బయటపడదు, అందరూ కలిసిపోయి పండగ చేసుకుంటారు. మరి దీన్ని సమాజంలోని కపటం మీద వ్యంగ్యం అని ఎందుకంటారు? కొత్తగా చదివేవాళ్లు దేనితో మొదలుపెట్టాలి?”

బుకరెస్ట్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో రొమేనియన్ నేర్చుకున్నాను. అప్పటి నుంచి ఈయన్ని మూలంలో చదువుతూ, వీలున్నప్పుడల్లా స్టేజీ మీద చూస్తూ వస్తున్నాను. మీకు లోపంగా కనిపించిందే నాకు ఆయన అసలు బలంగా కనిపిస్తుంది. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను.

కపటం మీద రాసిన హాస్య నాటకాల్లో మామూలుగా ఒక దొంగ భక్తుడో, నీతులు వల్లించే పెద్దమనిషో ఉంటాడు. అతని మాటలు నమ్మే అమాయకులు ఉంటారు. చివరి అంకంలో ముసుగు ఊడుతుంది, అమాయకులకు కళ్లు తెరుచుకుంటాయి, ప్రేక్షకులు తృప్తిగా ఇంటికి వెళ్తారు. ఈ పద్ధతి నడవాలంటే మోసపోయేవాడు ఒకడు ఉండి తీరాలి. కరజాలే లోకంలో అలాంటివాడు దాదాపు దొరకడు. అందరికీ ఎంతో కొంత తెలుసు. తెలిసినా తెలియనట్టు ఉండటమే అక్కడి మర్యాద. పక్కవాడి ముసుగు లాగితే తనదీ ఊడుతుంది కాబట్టి ఎవరూ చెయ్యి పెట్టరు. ఒక్క కపటిని పట్టుకుని చీల్చి చెండాడటం ఆయన పని కాదు. ఊరు ఊరంతా కలిసి ఒక అబద్ధాన్ని ఎలా కాపాడుకుంటుందో ఆయన చూపిస్తాడు. అందుకే గుట్టు రట్టయ్యే సీన్ ఆయనకు అక్కర్లేదు. రట్టయినా ఏమీ జరగకపోవడమే ఆయన చూపించదలచుకున్నది.

1879లో తొలిసారి ప్రదర్శించిన ‘తుఫాను రాత్రి’ చూడండి. దుమిత్రాకే బుకరెస్ట్ శివారులో కలప వ్యాపారి, పౌర రక్షక దళంలో కెప్టెన్. పొద్దున లేస్తే తన ఇంటి పరువు గురించే అతని మాటలు. ‘సంసారిగా నా పరువు’ అనేది అతని నోట మంత్రంలా నడుస్తుంది. తోటలో నాటకం చూడ్డానికి వెళ్తే ఎవడో కుర్రాడు తన భార్య వెటా వైపు చూశాడని అతనికి నిద్ర పట్టదు. రాత్రి గస్తీకి వెళ్లాలి కాబట్టి ఇంటి పరువు కాపాడే బాధ్యత దుకాణం చూసుకునే నమ్మకస్తుడు కిరియాక్‌కి అప్పజెప్తాడు. వెటాకి, కిరియాక్‌కి సంబంధం ఉందన్న సంగతి ప్రేక్షకుడికి మొదటి అంకంలోనే తెలిసిపోతుంది. తోటలో చూసిన ఆ కుర్రాడు, పత్రికల్లో రాసే రీకా వెంతురియానో, నిజానికి వెటా చెల్లెలు జీత్సా కోసం తిరుగుతున్నాడు. ఇంటి నంబరు పలకను తలకిందులుగా కొట్టడంతో ఆరూ తొమ్మిదీ తారుమారై, రాత్రిపూట తప్పు ఇంట్లో దూరతాడు. కత్తులు, తుపాకులు, ఇంటి పరంజా మీద పరుగులు. చివరికి సంగతి తేలుతుంది, జీత్సాతో పెళ్లి ఖాయమవుతుంది. కుటుంబం చిన్న దేశం, దేశం పెద్ద కుటుంబం అని రీకా ఉపన్యాసం దంచితే దుమిత్రాకే పొంగిపోతాడు.

అంతా సర్దుకున్నాక దుమిత్రాకే కిరియాక్‌ని పక్కకు పిలుస్తాడు. మనసులో ముల్లు ఒకటి మిగిలిపోయింది. భార్య మంచం మీద మగవాళ్లు మెడకు కట్టుకునే టై ఒకటి దొరికింది. జేబులోంచి తీసి చూపిస్తాడు. కిరియాక్ దాన్ని చూసి, ఇది నాదే కదండీ, గుర్తుపట్టలేదా అంటాడు. దుమిత్రాకే ముఖం విప్పారుతుంది. ఆ మాట ముందే చెప్పొచ్చుగా, కోపంలో మనిషి ఎలా గుడ్డివాడైపోతాడో చూశావా అని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటాడు. తెర పడుతుంది.

ఈ రెండు మూడు మాటల్లో ఏం జరిగిందో గమనించండి. తిరుగులేని రుజువు భర్త చేతిలోనే ఉంది. ఆ రుజువును తనదేనని ఒప్పుకున్నవాడు ఎదురుగానే ఉన్నాడు. ఆ ఒప్పుకోలే భర్తకు ఊరట అయింది. పరువు అనే మాట అతనికి భార్యతో ముడిపడినది కానే కాదు, బయటివాళ్ల చూపుతో ముడిపడినది. ఇంట్లో మనిషి అయితే పరువు చెక్కుచెదరలేదు. ముప్పు బయటినుంచి, చిరిగిన మోచేతుల కోటు వేసుకున్న గుమాస్తా కుర్రాడి నుంచి వస్తేనే అది పోతుంది. దుమిత్రాకే తెలివితక్కువవాడా, తెలివిగా కళ్లు మూసుకున్నాడా? కరజాలే చెప్పడు. మంచి నటులు కూడా చెప్పరు.

ఇక 1884 నవంబరులో బుకరెస్ట్ నేషనల్ థియేటర్‌లో తొలిసారి ఆడిన ‘పోయిన ఉత్తరం’. ఇదే ఆయన శిఖరం. కొండ ప్రాంతపు ఒక జిల్లా కేంద్రంలో పార్లమెంటు ఎన్నికల సమయం. జిల్లాను ఏలే ప్రిఫెక్ట్ టిపటెస్కు. అధికార పార్టీకి స్థానిక పెద్ద, లెక్కలేనన్ని కమిటీలకు అధ్యక్షుడు ముసలి ట్రహనాకే. అతని భార్య జోయే, టిపటెస్కు ప్రియురాలు. టిపటెస్కు జోయేకి రాసిన ప్రేమలేఖ దారిలో పోతుంది. తాగుబోతు ఓటరు ఒకడికి దొరుకుతుంది, అక్కణ్నుంచి ప్రతిపక్ష లాయరు, పత్రికాధిపతి కత్సవెంకు చేతిలో పడుతుంది. నాకు సీటు ఇప్పించండి, లేకపోతే అచ్చేస్తా అంటాడు కత్సవెంకు.

నాటకం మొదట్లోనే ఒక చిన్న సీన్ ఉంది, చాలామంది నవ్వేసి ముందుకు వెళ్లిపోతారు. పోలీసు అధికారి ప్రిస్టాండా ఊరి అలంకరణకు 44 జెండాల డబ్బు తీసుకున్నాడు. ప్రిఫెక్ట్, జోయే బండిలో షికారు వెళ్లినప్పుడు లెక్కపెడితే పద్నాలుగో పదిహేనో కనిపించాయి. ప్రిస్టాండా లెక్క అప్పజెప్తాడు: మునిసిపాలిటీ మీద ఇన్ని, బడి మీద ఇన్ని, చర్చి మీద ఇన్ని. చెప్పిన భవనమే మళ్లీ చెప్తాడు, కూడిక ఎక్కడికక్కడ గెంతుతుంది, మొత్తానికి సరిగ్గా 44 దగ్గర ఆగుతుంది. ఒకటీ అరా గాలికి పడిపోయి ఉంటాయి బాబుగారూ అంటాడు. ప్రిఫెక్ట్ కోప్పడడు, నవ్వుతాడు. పెద్ద సంసారం, చిన్న జీతం అని ప్రిస్టాండా మొరపెట్టుకుంటే, పనిలో శ్రద్ధ ఉన్నవాడు కాస్త చెయ్యి తడుపుకుంటే నాకేం అభ్యంతరం లేదన్నట్టు మాట్లాడతాడు. దొంగలెక్క చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. అయినా లెక్క చివరిదాకా చెప్పాలి, చివరిదాకా వినాలి. ఆ తతంగం జరిగితేనే ఇద్దరూ మర్యాదస్తులుగా మిగులుతారు. నాటకం మొత్తానికి తాళంచెవి ఇక్కడే ఉందని నేను నమ్ముతాను.

దాని తర్వాత ట్రహనాకే వస్తాడు. కత్సవెంకు అతన్ని పిలిపించి ఉత్తరం చూపించాడు. ముసలాయన నేరుగా వచ్చింది టిపటెస్కు దగ్గరికే. ఉత్తరంలోని మాటలు ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటూ, మధ్యలో వివరణ ఇస్తూ అప్పజెప్తాడు. ఆ ‘పెద్దాయన’ రాత్రి మీటింగుకి వెళ్తున్నాడట, పెద్దాయనంటే నేను. నువ్వు రా అని ఉంది, నువ్వంటే నా భార్య జోయే. నీ కోడిపుంజు దగ్గరికి అని ఉంది, కోడిపుంజంటే నువ్వు. కింద సంతకం ఫనికా, అంటే టిపటెస్కు ముద్దుపేరు. ప్రియుడి ముఖం మీదే ప్రియుడి ఉత్తరం చదివి, ఎంత బాగా నకలు కొట్టాడయ్యా, చూస్తే నువ్వే రాశావని ఒట్టు పెట్టేస్తావు అంటాడు. ఉత్తరం ఫోర్జరీ అని అతని తీర్పు. ఆ తీర్పు నుంచి నాటకం చివరిదాకా ఒక్క అంగుళం జరగడు.

ట్రహనాకే ఊతపదం ‘కాస్త ఓపిక పట్టండి’. కంగారు లేదు, కేకలు లేవు. నెమ్మదిగా వెళ్లి కత్సవెంకు చేసిన అసలు ఫోర్జరీ పట్టుకొస్తాడు: కత్సవెంకు తానే నడిపే సొసైటీ నుంచి 5 వేల లేయ్ (రొమేనియా డబ్బు) కాజేయడానికి దొంగ సంతకాలతో పుట్టించిన పత్రం. నిజమైన ఉత్తరాన్ని ఫోర్జరీ అన్నవాడు, నిజమైన ఫోర్జరీతో శత్రువు నోరు మూయించాడు. నాటకంలో అందరికంటే చురుకైన బుర్ర ఇతనిదే. అలాంటివాడికి భార్య సంగతి తెలియదా? రొమేనియాలో దీనిమీద తరాల తరబడి వాదన నడుస్తోంది. నా మటుకు నాకు, ‘తెలుసా లేదా’ అనే ప్రశ్నకు అతని జీవితంలో చోటే లేదనిపిస్తుంది. తెలియకుండా ఉండటం అతను రోజూ చేసే పని, దాన్ని అతను బాగా చేస్తాడు. ఆ పని మీదే అతని సంసారం, పార్టీ, జిల్లా నిలబడి ఉన్నాయి.

మీటింగులో ఉపన్యాసాలు అనువాదంలోనూ బాగానే అందుతాయి. రాజ్యాంగ సవరణ గురించి ఫర్ఫురిది అనే లాయరు చెమటలు కక్కుతూ చెప్పేది ఇది: సవరించండి, సరే, కానీ ఏమీ మారకూడదు, లేదా సవరించొద్దు, సరే, కానీ అప్పుడు అక్కడక్కడా, అంటే ముఖ్యమైన చోట్ల, మారాలి. కత్సవెంకు ఇంకో మెట్టు పైన ఉంటాడు. మన పరిశ్రమ అద్భుతం, మహోన్నతం, కానీ బొత్తిగా లేదు అంటాడు. ఇంగ్లాండుకు దివాలాదారులున్నారు, ఫ్రాన్సుకున్నారు, మనకెందుకు ఉండకూడదు అని గుండెలు బాదుకుంటాడు. వీళ్లు అబద్ధమాడుతున్నారని అనుకుంటే సగమే అర్థమైనట్టు. మాట్లాడుతున్నంతసేపూ వాళ్లకు తాము చెప్పేదాని మీద నమ్మకమే. కత్సవెంకు కళ్లలో నీళ్లు నిజమైనవే. మాటకూ పనికీ సంబంధం తెగిపోయిన చోట అబద్ధం చెప్పాల్సిన అవసరం కూడా పడదు.

ముగింపు సంగతి మీకు చిరాకు తెప్పించిందన్నారు. పై నుంచి, అంటే రాజధాని నుంచి, దండనాకే అనే ముసలి వెర్రిబాగులవాణ్ని అభ్యర్థిగా దింపుతారు. అతనికి సీటెలా వచ్చింది? అతని ఇంటికి వచ్చిన ఒకాయన మరిచిపోయిన ఓవర్‌కోటులో అతనికీ ఒక ప్రేమలేఖ దొరికింది, దాన్ని చూపించి బెదిరించాడు. కత్సవెంకు అయినా పని అయ్యాక ఉత్తరం తిరిగి ఇచ్చేస్తానన్నాడు. ఇతను ఇవ్వనే ఇవ్వలేదు, మళ్లీ ఎన్నికలు వస్తాయిగా, పనికొస్తుంది అంటాడు. అంటే జిల్లాలో జరిగిన గొడవంతా రాజధానిలో మామూలుగా నడిచే వ్యవహారానికి చిన్న నకలు. కత్సవెంకు పోగొట్టుకున్న టోపీ అంచులోంచి మొదటి ఉత్తరం జోయేకి తిరిగి చేరుతుంది. ఆమె అతన్ని క్షమించి, వెళ్లి సభ నడిపించండి, ఇదే చివరి పార్లమెంటు కాదుగా అంటుంది. శత్రువులంతా కౌగిలించుకుంటారు. దాదాపు ముప్ఫై ఏళ్లు సాగిన శతాబ్దాల పోరాటం తర్వాత మన కల నెరవేరింది అని కత్సవెంకు ఉపన్యాసమిస్తాడు. బ్యాండు మోగుతుంది.

ఇక్కడ ఎవరో ఒకరు పట్టుబడి జైలుకెళ్లుంటే నాటకం చచ్చిపోయేది. ప్రేక్షకుడు ‘హమ్మయ్య, దుర్మార్గుడు పోయాడు’ అనుకునేవాడు. ఇప్పుడు అలా అనుకునే వీలు లేదు. తాగుబోతు ఓటరు నాటకమంతా అడుగుతూనే ఉంటాడు: ‘మరి నేనెవరికి ఓటెయ్యాలి?’ ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు. బుకరెస్ట్‌లో నేను చూసిన ప్రదర్శనల్లో ఆ మాటకు నవ్వు కాస్త ఆలస్యంగా వస్తుంది, వచ్చాక చాలాసేపు ఆగదు.

ఇదంతా గాల్లోంచి రాలేదు. 1866లో జర్మన్ రాజవంశానికి చెందిన కరోల్ పాలకుడయ్యాడు, బెల్జియం రాజ్యాంగాన్ని ఆధారంగా చేసుకుని కొత్త రాజ్యాంగం వచ్చింది. పార్లమెంటు, పత్రికా స్వేచ్ఛ, పౌర రక్షక దళం, ప్రిఫెక్టులు, పారిస్ నుంచి దిగిన పదజాలం అన్నీ ఒక్కసారిగా వచ్చాయి. ఓటు మాత్రం ఆస్తిని బట్టి తరగతులుగా విడగొట్టారు, ఊళ్లలో రైతు బతుకు ఎక్కడిది అక్కడే ఉంది. యాష్ నగరంలోని జునిమియా సాహిత్య సంఘం దీన్ని ముందే గుర్తించింది. ఆ సంఘం నాయకుడు టిటు మయొరెస్కు 1868లో రాసిన వ్యాసంలో, మనం ఐరోపా నుంచి రూపాలు తెచ్చుకున్నాం, లోపల సారం లేదు అన్నాడు. పైన పటారం, లోన లొటారం అని మనం అనుకునేదే. కరజాలే ఆ సంఘం మనిషే. అయితే మయొరెస్కు వ్యాసం రాస్తే, ఈయన ఆ లొటారంలో బతికే మనుషులకు గొంతులిచ్చాడు. ఆయనకు ఆ గొంతులు దగ్గరగా తెలుసు కూడా: థియేటర్లో తెరచాటున మాటలందించాడు, కవి ఎమినెస్కుతో కలిసి ‘టింపుల్’ పత్రికలో పనిచేశాడు, స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా తిరిగాడు, 1888లో నేషనల్ థియేటర్ డైరెక్టరయ్యాడు, తర్వాత బీరు దుకాణం నడిపాడు.

రాజకీయ నాటకాలు ఒక ఎత్తు. 1901లో ‘మొమెంతే’ పేరుతో పుస్తకంగా వచ్చిన చిన్న కథలు ఇంకో ఎత్తు, ఎందుకంటే అక్కడ కపటం మన హాల్లో, సోఫా మీద కూర్చుని కాఫీ తాగుతుంది. ‘విజిట్’ కథ నాలుగైదు పేజీలు మించదు. సెయింట్ జాన్ పండుగ రోజు కథకుడు మరియా పొపెస్కు గారింటికి వెళ్తాడు, కొడుకు యొనెల్‌కి పెద్ద రబ్బరు బంతి తీసుకుని. వాడికి ఎనిమిదేళ్లుంటాయి, అశ్విక దళం మేజర్ యూనిఫాం వేసుకుని ఉంటాడు. పిల్లవాడి పెంపకంలో పడి ఎక్కడికీ వెళ్లడం లేదండీ, తల్లయ్యాక ఆడదానికి ఇంకేం ఉంటుంది అని ఆవిడ చెప్తూ ఉంటుంది. ఆవిడ చెప్తున్నంతసేపూ పక్కన వాడు బూర ఊదుతాడు, డప్పు వాయిస్తాడు, కత్తి దూసి పనిమనిషి మీదికి దూకుతాడు. అడ్డొచ్చిన తల్లికి కంటి కింద దెబ్బ తగులుతుంది. కన్ను పోయేది కదా నాన్నా, ముద్దు పెట్టు, క్షమించేస్తా అంటుంది. బంతి వచ్చి కథకుడి కాఫీ కప్పుకి తగిలి బట్టల మీద ఒలుకుతుంది. వాడు సిగరెట్ కాలుస్తాడు, కళ్లు తిరిగి పడిపోతాడు. వాడు తేరుకున్నాక కథకుడు సెలవు తీసుకుంటాడు. చలికాలం బూట్ల మీద తొడుక్కునే తొడుగుల్లో వాడు పండ్ల జామ్ పోశాడని ఇంటికి చేరాకే తెలుస్తుంది.

ఇందులో కథకుడి పాత్రను వదిలేయకండి. తల్లి గుడ్డి ప్రేమను చూసి నవ్వడం సులువు. కానీ అంతసేపూ కూర్చుని ‘బాగున్నాడండీ, చురుకైనవాడు’ అన్నట్టు మాట్లాడింది ఎవరు? మర్యాదకు ఒక్క మాటా అనకుండా, బట్టల మీద కాఫీతో నవ్వుతూ కూర్చున్నది అతనే. ఆ మర్యాదే యొనెల్ లాంటివాళ్లను తయారుచేస్తోంది. నేనైతే ఈ కథను పిల్లల అల్లరి కథగా చదవనే చదవను.

‘గోయె గారు’ దీనికి తోడు. మళ్లీ తరగతి తప్పకుండా ఉండాలని గోయెని నానమ్మ, అమ్మ, అత్త ముగ్గురూ కలిసి మే 10 జాతీయ ఉత్సవానికి రైల్లో బుకరెస్ట్ తీసుకెళ్తారు. బహుమతి ముందు, చదువు తర్వాత. కిటికీలోంచి టోపీ, దాంతోపాటు టికెట్టూ ఎగిరిపోతాయి. చివరికి వాడు అలారం లాగి రైలు ఆపేస్తాడు. రైల్వేవాళ్లు వచ్చి వెతికితే, పెట్టె చివర నానమ్మ మనవణ్ని ఒళ్లో పెట్టుకుని నిద్రపోతూ కనిపిస్తుంది. ఎవరు లాగారో ఎలా తెలుస్తుంది?

‘బకలోరియా’ కథలో కాలియోపి జోర్జెస్కు గారికి ముగ్గురు కొడుకులు: విర్జిలియు, హొరాత్సియు, ఒవిదియు. ముగ్గురివీ రోమన్ మహాకవుల పేర్లే. ఒవిదియు స్కూలు చివరి పరీక్షలో ఒక సబ్జెక్టు తప్పాడు. ఆ సబ్జెక్టు నీతిశాస్త్రం. మాస్టారు కక్షగట్టాడని తల్లి ఊరంతా తిరిగి సిఫారసులు పోగు చేస్తుంది. నీతిలో పాసవడానికి పైరవీ. కథలో ఎవరికీ ఇందులో తేడా ఏమీ కనిపించదు. కరజాలే కూడా వేలెత్తి చూపించడు, అంతా మామూలుగా చెప్పుకుంటూ పోతాడు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ‘టెంపోరా’లో కొరియొలాన్ ద్రగనెస్కు విద్యార్థి ఉద్యమ నాయకుడు, నిప్పులు కక్కే వక్త. తర్వాత పోలీసు ఇన్‌స్పెక్టరై విద్యార్థుల మీదే లాఠీ ఎత్తుతాడు.

ఈ రాతల్ని అప్పటివాళ్లు తేలిగ్గా తీసుకోలేదు. ‘తుఫాను రాత్రి’ అనైతికమని గోల చేశారు. 1885లో ఇంకో నాటకం తొలి రోజే ఈలలు, కేకల మధ్య నడిచింది. అప్పుడు మయొరెస్కు ఆయన పక్షాన వ్యాసం రాశాడు. 1891లో రొమేనియన్ అకాడమీ బహుమతి నిరాకరించింది. ఇంట్లో జరిగేదాన్ని స్టేజీ మీద చూపించినందుకు ‘అనైతికం’ అన్నవాళ్లు దుమిత్రాకే లాగే ఆలోచించారు: జరిగినదాంతో ఇబ్బంది లేదు, నలుగురూ చూడటంతోనే ఇబ్బంది. ఆయన పాత్రలన్నీ ఆ కాలానివి, ఆ కాలం పోతే ఈ రచనలూ పోతాయి అని తర్వాతి తరంలో విమర్శకుడు యుజెన్ లోవినెస్కు భావించాడు. అలా జరగలేదు. ఈరోజు బుకరెస్ట్ నేషనల్ థియేటర్ ఆయన పేరు మీదే ఉంది, వంద లేయ్ నోటు మీద ఆయన బొమ్మే ఉంది.

ఆయన వెనుక కోపం ఉందా, సరదాయేనా అని కొందరు అడుగుతారు. 1907లో రైతుల తిరుగుబాటును రొమేనియా ప్రభుత్వం ఫిరంగులతో అణచివేసినప్పుడు ఆయన బెర్లిన్‌లో ఉన్నాడు. వియన్నా పత్రిక ‘డీ త్సైట్’లో ‘ఒక రొమేనియన్ దేశభక్తుడు’ అనే సంతకంతో పెద్ద వ్యాసం రాశాడు. కనిపించేదానికీ ఉన్నదానికీ, ముఖానికీ ముసుగుకీ ఇంత విడ్డూరమైన తేడా ఐరోపాలో ఇంకే రాజ్యంలోనూ లేదన్నది అందులో ముఖ్యమైన మాట. అందులో ఒక్క జోకూ లేదు. ఇరవై మూడేళ్ల క్రితం బ్యాండు మోతతో ముగించిన నాటకంలో ఉన్నది ఇదే బాధ. నాటకంలో రైతు ఎక్కడా కనిపించడు. ఎన్నికలూ సవరణలూ ఎవరి పేరు మీద జరుగుతున్నాయో వాళ్లకు ఆ గదిలోకి ప్రవేశమే లేదు. తిరుగుబాటు తర్వాత వెనక్కి తిరిగి చదివితే ఆ లేకపోవడం కళ్లకు కొట్టినట్టు కనిపిస్తుంది.

అందరూ ఒప్పందం ప్రకారం నడుచుకునే చోట నిజంగా నిజాయితీపరుడు ఒకడుంటే వాడి గతేమిటి? దానికి ఆయన రాసిన జవాబు ‘ఇన్‌స్పెక్షన్’ కథ. ఆయన రాసినవాటిలో నన్ను ఇప్పటికీ వదలనిది ఇదే. అంగెలాకే ఒక ప్రభుత్వ కార్యాలయంలో క్యాషియర్. సాయంత్రాలు మిత్రులతో కూర్చోవడం అలవాటు. ఎక్కడో ఒక క్యాషియర్ డబ్బు తిని పారిపోయాడని పత్రికలో వచ్చింది. తనిఖీలు లేకపోవడం వల్లే ఇలా జరుగుతోందని మిత్రులు అంటారు. అంగెలాకేకి ఎక్కడలేని కోపం వస్తుంది, మాటా మాటా పెరుగుతుంది. మర్నాడు అతని కార్యాలయానికి ఇన్‌స్పెక్టర్ వస్తాడు. అంగెలాకే మాత్రం రాడు. ఆత్మహత్య చేసుకున్నాడు. బీరువా తెరిచి లెక్క చూస్తే ఒక్క పైసా తగ్గలేదు. పైగా ఒక బంగారు నాణెం ఎక్కువే ఉంది, సిగరెట్ కాగితంలో చుట్టి. ఎందుకిలా చేశావు అంగెలాకే అన్నా అని మిత్రులు శవాన్ని అడుగుతారు. బుద్ధిమంతుడు అంగెలాకే జవాబు చెప్పదలచుకోలేదు అని కథ ముగుస్తుంది.

ఈ కథలో హాస్యం లేదు కాబట్టి దీన్ని వేరుగా పెడతారు. నేను పెట్టను. ప్రిస్టాండా 44 జెండాల లెక్క తప్పుల తడకగా అప్పజెప్పి హాయిగా నవ్వుతూ బయటికి నడిచాడు. అంగెలాకే లెక్క పైసాతో సహా సరిపోయింది, పైన ఒక నాణెం మిగిలింది కూడా. మిగిలినా తట్టుకోలేకపోయాడు. అందరూ దొంగలే అని తీసుకుని మాట్లాడుకునే చోట, సోదా జరుగుతుందన్న ఆలోచనే అతనికి ప్రాణాంతకమైంది. మొదటివాడికి సిగ్గు అనేది లోపల లేదు, రెండోవాడికి లోపల తప్ప ఇంకెక్కడా లేదు. గుట్టు రట్టు చేసి దుర్మార్గుణ్ని శిక్షించే నాటకం రాసుంటే కరజాలే ఇంత లోతుకు వెళ్లగలిగేవాడని నేను అనుకోను.

ఇక దేనితో మొదలుపెట్టాలన్న సంగతి. ముందు ‘విజిట్’, ‘గోయె గారు’ చదవండి, రెండూ కలిపి ఒక గంట చాలు. వాటిలో తల్లి మాటలు ఒక వరస, పిల్లవాడి పనులు ఒక వరస విడదీసి చూడటం అలవాటైతే మిగతా అంతా అదే పద్ధతి. తర్వాత ‘బకలోరియా’. ఆ తర్వాత ‘తుఫాను రాత్రి’, చివరి పేజీ రెండుసార్లు చదవండి. అప్పుడు ‘పోయిన ఉత్తరం’ తీయండి. అనువాదంలో పాత్రల వచ్చీరాని ఫ్రెంచి, నోరు తిరగని పెద్ద మాటలు చాలావరకు పోతాయి కాబట్టి, వీలైతే 1953లో తీసిన సినిమా చూడండి. నేషనల్ థియేటర్ నటులే వేశారు. భాష రాకపోయినా ట్రహనాకే ఉత్తరం అప్పజెప్పే సీన్‌లో టిపటెస్కు ముఖం చూస్తే చాలు. ‘ఇన్‌స్పెక్షన్’ మాత్రం వీటన్నిటి తర్వాతే చదవండి, ముందు చదివితే అది ఒక విషాద కథగానే మిగిలిపోతుంది.